ఎల్లవ్వ బర్రె తిన్న పత్తిగింజలు

తొంభైల చివర్లో, కోహెడ దారిలోని ఒక ఊళ్లో, ఎల్లవ్వ అనే రైతు చేనులో, అది ఏం విత్తనమో ఆమెకు చెప్పకుండా పత్తి పెట్టించారు. ఆ పత్తిగింజలు ఆమె బర్రె తిన్నది. ఆ పాలు మనుషులు తాగవచ్చునా, తాగకూడదా అని ఆమె అడిగితే చెప్పేవాడు ఒక్కడూ లేకపోయాడు. పెట్టించింది నేను కొలువు చేసిన విత్తనాల కంపెనీ. దగ్గరుండి పెట్టినవాణ్ణి నేను.

ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. రిటైరైనవాళ్లు రాసే పుస్తకాలు నేను కొన్ని చదివాను. వాటిలో తప్పులన్నీ పై అధికారులవి, మంచి పనులన్నీ రాసినవాడివి. అంత అదృష్టం నాకు పట్టలేదు.

విత్తనాల కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సిద్దిపేటలో మా ఇంటికి వస్తుంటారు. "తాతా, మీ టైంల ఫీల్డు ఎట్లుండె?" అని అడుగుతారు. మా కాలంలో ఫీల్డు ఎండగా ఉండేది. ఇప్పుడూ ఎండగానే ఉంది, మీరే జీపు దిగడం లేదు. ఎవరు ఎప్పుడు ఏ ప్రమోషను కొట్టారో చెప్పను. నేను నేర్చుకున్నది రెండు మూడు తప్పుల దగ్గరే. అవి చెబుతాను.

మందు సీసాల బడి

నేను చదివింది ఏడో తరగతి. ఎనభైల మొదట్లో సిద్దిపేటలో ఒక విత్తనాలు, పురుగుమందుల దుకాణంలో మూటలు మోసే పనికి చేరాను. ప్రతి మందు సీసాతో పాటు డబ్బాలో ఒక మడత కాగితం వచ్చేది. ఉల్లిపొర లాంటి కాగితం, చీమ తలకాయంత అక్షరాలు. మొదట ఇంగ్లీషు, తర్వాత మిగతా భాషలు, వాటిలో తెలుగు. గిరాకీ లేనప్పుడు ఇంగ్లీషునూ తెలుగునూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాటలు విషం, వాంతి, వద్దు. ఈ వృత్తికి ఆ మూడు చాలా దూరం తీసుకుపోతాయి.

అలా చదవగా ఒకటి గమనించాను. ఇంగ్లీషులో ఉన్నదానికంటే తెలుగులో రెండు వరుసలు తక్కువుండేవి. ఎప్పుడు చూసినా తక్కువే. ఆ పోయిన రెండు వరుసల్లో ఏముందో తెలుసుకోవడమే నా చదువు. బడి నుంచి వచ్చిన చదువు కాదు, కోపం నుంచి వచ్చింది.

తర్వాత ఒక కంపెనీ వాళ్లు ఫీల్డ్‌మన్‌గా తీసుకున్నారు. ఊళ్లు తిరిగి విత్తనాలు పెట్టించాలి, పంట చూడాలి, కాగితం మీద రాయాలి. ఊళ్లలో నన్ను గింజల సారు అనేవాళ్లు. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే సారు అనేది కాదు.

ఆ రోజుల్లోనే హైబ్రిడ్ మక్కలు, అంటే మొక్కజొన్న, ఊళ్లలోకి వచ్చాయి. చింతమడక దిక్కు నుంచి ఒక పెద్దాయన నా మాట నమ్మి వేశాడు. పంట బాగా వచ్చింది. మరుసటి ఏడు, తాతల నుంచి వచ్చిన అలవాటు ప్రకారం మంచి కంకులు ఏరి, ఆ గింజలే విత్తనానికి పెట్టుకున్నాడు. మొలిచినవి మొలిచినట్టు లేవు. రెండు కర్రలు పీక్కుని బస్సెక్కి, మా కంపెనీ గింజలమ్మే నా పాత దుకాణానికి వచ్చాడు. ఒకటి ఆయన తల దాటింది, ఇంకొకటి నడుం దాకా రాలేదు.

"ఇగో సారూ, ఇద్దరు ఒక్క కంకి బిడ్డలే. ఒకడు ఏనుగు, ఒకడు ఎల్క. నా ఇంట్ల గింజ నన్ను మోసం చేసిందా, నువ్వు చేసినవా?"

హైబ్రిడ్ గింజ ఒక్క పంటకే పనికొస్తుంది, మళ్లీ కొనుక్కోవాలి అని నేను చెప్పలేదు. చెప్పవద్దని కంపెనీలో అప్పటి మా బాసు ఆజ్ఞ. "అడిగితే చెప్పు. అడగనిది చెప్పేవాడు పంతులవుతాడు, వ్యాపారి కాడు" అనేవాడాయన. ఉన్నదని తెలియని సంగతి గురించి మనిషి ఎట్లా అడుగుతాడో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రెండు మక్క కర్రలూ దుకాణం మూలకు ఆనించి పెద్దాయన వెళ్లిపోయాడు, మళ్లీ మా గడప తొక్కలేదు. ఇక ఎన్నడూ రైతు దగ్గర మాట దాచనని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పదేళ్లకు పైగానే నిలిచింది. ఒట్ల ఆయుష్షు మామూలుగా అంతకంటే తక్కువే.

నంబరు మాత్రమే ఉన్న సంచి

తొంభైల చివర్లో ఒక ఏడు హైదరాబాదు నుంచి మా మేనేజరు స్వయంగా జీపులో ఒక చిన్న సంచి తెచ్చాడు. సంచి మీద పేరు లేదు, బొమ్మ లేదు, నంబరు ఒక్కటే ఉంది. జైల్లో ఖైదీలకే అట్లా ఉంటుందని విన్నాను.

"బోరు ఉన్న చేను కావాలండీ. రోడ్డుకు కాస్త ఎడంగా ఉంటే మంచిది" అన్నాడు.

"రైతుకు ఏం విత్తనమని చెప్పాలె సార్?"

"కొత్త హైబ్రిడ్ అని చెప్పండి. అబద్ధం కాదుగా, కొత్తదేగా!"

నాకు ఎల్లవ్వ గుర్తొచ్చింది. ఆమె పెనిమిటి మల్లయ్య అంతకు ముందటేడు పత్తికి మందు కొట్టీ కొట్టీ చేనులోనే పడిపోయాడు. సిద్దిపేట దవాఖానలో నాలుగు రోజులుంటే బతికాడు. అప్పటి నుంచి ఆ మందు వాసన తగిలితే చాలు వాంతి చేసుకుంటాడు. అప్పట్లో పత్తి అంటే అదే. పచ్చపురుగు కాయలో దూరితే ఏ మందూ దానికి అందేది కాదు. పురుగు చావలేదని ఇంకొంచెం, ఇంకొంచెం కలిపి కొట్టేవాళ్లు. పురుగు బాగానే ఉండేది, మనుషులు పడిపోయేవాళ్లు.

"చెల్లె, కొత్త రకం. మందు కొట్టుడు తక్కువైతదట" అన్నాను.

"అటనా, నిజమా?"

"కంపెనీ మాట."

"కంపెనీ మాట అట్లుంచు. మా ఇంటాయన భుజానికి మందు పంపు ఎక్కకుంటే చాలు. పెట్టన్నా" అంది.

చేను మధ్యలో ఆ విత్తనం, చుట్టూ అయిదు వరుసలు మామూలు పత్తి పెట్టించాను. ఎందుకని అడిగితే మేనేజరు "పద్ధతి" అన్నాడు. ఆయన ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలు నాలుగు. వాటిలో ఒక మాట పదే పదే వస్తోంది. నా నిఘంటువులో ఆ మాట లేదు. సిద్దిపేటలో ఒక కాలేజీ లెక్చరరును పట్టుకుని, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఆ మాటా, పత్తి చుట్టూ వరుసల సంగతీ అడిగాను.

ఆయన మంచివాడు, ఓపికగా చెప్పాడు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవికి పురుగును చంపే గుణముందట. ఆ గుణాన్ని మోసే జన్యువును తీసి పత్తిలో పెట్టారట. ఇక ఆ మొక్క తన మందు తానే తయారు చేసుకుంటుంది. ఆకు కొరికిన పురుగు చస్తుంది. చుట్టూ వేసే వరుసలు దీని పుప్పొడి పక్క చేన్లకు పోకుండా అడ్డం.

"మరి మనిషి తింటే సార్?"

"మనిషి పత్తి చెట్టు ఎందుకు తింటాడయ్యా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అప్పటికి పత్తి మోకాలెత్తు పెరిగింది. ఆ వారమే పోయి ఎల్లవ్వకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పంట బాగుంది, కొలువు బాగుంది, ఆమె మొహం బాగుంది. నోరు మూసుకోవడానికి మనిషికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు.

పంపులో కందిరీగలు

విత్తనం మంచిదే. ఈ మాట మింగను, ఎవరికి కోపం వచ్చినా సరే. పక్క చేన్లలో పచ్చపురుగు కాయలను ఇగురు పెట్టుకు తింటుంటే ఎల్లవ్వ చేనులో కాయకు బొక్క లేదు. తెల్లదోమ మాత్రం వచ్చింది, దానికి రెండు సార్లు మందు పడింది. అది కూలికి మాట్లాడిన మనిషి కొట్టాడు. మల్లయ్య పంపు గోడకే వేలాడింది. దసరా నాటికి దాని మూతిలో కందిరీగలు గూడు పెట్టాయి.

"అన్న, కందిరీగలు గూడు పెట్టినయంటే గా పంపు ఇంక మనది కాదు" అని మల్లయ్య నవ్వాడు. ఏడాది తర్వాత ఆ మనిషి నవ్వడం చూశాను. ఇలాంటి పంటలన్నీ దెయ్యాలని పట్నంలో కూర్చుని రాసేవాళ్లు ఆ పంపు చూసి ఉంటే బాగుండేది. ఇవన్నీ అమృతాలని రాసేవాళ్లు మాత్రం తరువాతి సంగతి కూడా చదవాలి.

ఆఖరి ఏరుడు

ఇంగ్లీషు కాగితంలో చివరి షరతు, మిగిలిన పంటనంతా కాలబెట్టాలి అని. మేనేజరు మంచి పత్తిని తూకం వేయించుకుని, మూటలు జీపులో వేసుకుపోయాడు. చివరి ఏరుడులో వచ్చిన పత్తి, సగం విచ్చింది, రంగు మారింది, రెండు సంచులు మిగిలింది. "మీరు తగలబెట్టించండి" అని నాకు చెప్పి, దుమ్ము లేపుకుంటూ వెళ్లాడు.

నేను అగ్గిపెట్టె తీశాను. ఎల్లవ్వ సంచి మీద కూర్చుంది.

"చేతికొచ్చిన పంటకు అగ్గి పెడ్తవా? నిన్ను ఏ తల్లి కన్నదే అన్నా? పరుపుకన్న అయితది, ఇటియ్యి."

మా దిక్కు చేతికొచ్చిన పంటకు ఎవరూ నిప్పు పెట్టరు. పరుపే కదా అనుకున్నాను. ఇచ్చాను.

పరుపులోకి పోయేది దూది. మరి గింజలు? ఎల్లవ్వ బర్రె ఈని అప్పటికి వారం. ఈనిన బర్రెకు పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, తౌడుతో కలిపి కుడితిలో పెడితే పాలు పెరుగుతాయి, చిక్కబడతాయి. ఈ సంగతి మా దగ్గర నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. సంచి చేతికిస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. కంపెనీ నాలుగు కాగితాల్లో పురుగు ఉంది, తేనెటీగ ఉంది, గాలి ఉంది. బర్రె లేదు. ఆ కాగితాలు రాసినవాళ్లకు పత్తి అంటే గుడ్డ. మాకు పత్తి అంటే సగం గుడ్డ, సగం పాలు.

తాగొచ్చా, తాగొద్దా

ఆ నెలలోనే పేపర్లు మొదలుపెట్టాయి. రైతులకు చెప్పకుండా జన్యువు మార్చిన పత్తి పండిస్తున్నారని రాశాయి. ఇక నేను చెప్పక తప్పలేదు. ఆ ఊరి బస్టాండు దగ్గర జహంగీర్ భాయ్ చాయ హోటల్ ఉంది. ఎల్లవ్వ పాలు పోసేది అక్కడే, ఆ పాల మీదే ఆమె ఇల్లు నడిచేది. అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. లెక్చరరు నాకు చెప్పినట్టే చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిడితే తేలికయ్యేది.

"అయితె గా చెట్టు పురుగును సంపుతది."

"అవును చెల్లె."

"గా గింజ నా బర్రె తిన్నది. దాని పాలు జహంగీర్ భాయి చాయల పోస్తుండు, ఊరంత తాగుతున్నది. తాగొచ్చా, తాగొద్దా?"

"ఏం కాదనే అనుకుంటున్న."

"నీకు ఎర్కనా, అనుకుంటున్నవా?"

"అనుకుంటున్న."

"అనుకునుడు నీ ఇంట్ల పెట్టుకో. ఎర్కైనంక రా" అని లేచి, జహంగీర్ గిన్నెలో అప్పుడే పోసిన పాలు మళ్లీ తన చెంబులోకి ఒంపుకుంది.

జహంగీర్ లబోదిబోమన్నాడు. "అరే ఎల్లవ్వా, నా చాయ తాగి ఇంత దన్క ఒక్కడు సచ్చిండా? పాలకంటే నీళ్లే ఎక్కువుంటయ్ గద, జహర్ ఉన్నా పతలైతది!"

"నీళ్లు నువ్వు కలుపుతవు, గది నీ పాపం. గిది నాది. తెల్వకుంట ఒకల నోట్ల పొయ్య."

ఆ రోజు నుంచి దూడ తాగినంత తాగేది, మిగిలింది ఎల్లవ్వ పెంటకుప్ప మీద పారబోసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

జీపులు

మేనేజరు దగ్గరికి హైదరాబాదు పోయాను. "అసలు ఏమీ కాదండీ. ఆమెకు ధైర్యం చెప్పండి" అన్నాడు.

"గదే మాట కాయిదం మీద రాసియ్యండి సార్."

"రాసిస్తే అక్కడ ప్రయోగం జరిగిందని ఒప్పుకున్నట్టు అవుతుంది కదండీ" అన్నాడు, చంటిపిల్లవాడికి చెప్పినట్టు.

ఈయన ఇట్లా ఉంటే అవతలి పక్షం ఇంకోరకం. ఒక రోజు పట్నం నుంచి ఈ పత్తి వద్దనే ఉద్యమం వాళ్లు జీపులో వచ్చారు, కెమెరాతో సహా. వచ్చిన పెద్దమనిషి ఎల్లవ్వ చేనులో నిలబడి, ఈ నేల ఇక ఏడు తరాలు గొడ్డుబోతుంది, ఆ బర్రె మళ్లీ ఈనదు అని ఉపన్యాసం చెప్పాడు. చేనులో అప్పటికే కలుపు మోకాలెత్తు ఉంది. ఎల్లవ్వ చేతికి ఎండిన పత్తి కట్టె ఒకటి ఇచ్చి పైకెత్తమన్నాడు.

"ఎత్తుత గని సారూ, పాలు తాగొచ్చా, తాగొద్దా? గది చెప్పున్రి."

"అది తర్వాత మాట్లాడదామమ్మా. ముందు కొంచెం కోపంగా చూడు."

ఎల్లవ్వ కోపంగానే చూసింది. ఫోటో బాగా వచ్చిందట. అది తరువాత మాట్లాడటానికి ఎవరూ రాలేదు.

నేను మళ్లీ లెక్చరరు దగ్గరికి పోయాను. ఈసారి బర్రెతో సహా మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. "పురుగు పేగు వేరు, పశువు పేగు వేరు. ఏమీ కాదనే నా అంచనా. కానీ మన పశువులకు పెట్టి చూశారా, ఆ లెక్క ఎవరి దగ్గరుందో నాకు తెలియదు" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో "నాకు తెలియదు" అన్న చదువుకున్నవాడు ఆయన ఒక్కడే. ఆయనకు నా నమస్కారం.

ఇక నాకు తోచిన ప్రయోగం నేను మొదలుపెట్టాను. ప్రతి మంగళవారం ఆ ఊరు పోయి, జహంగీర్ హోటల్ ముందు అందరూ చూస్తుండగా ఎల్లవ్వ బర్రె పాలు ఒక చెంబెడు తాగేవాణ్ణి. ఊరికి అదొక తమాషా. "సారు తలకు కొమ్ములు మొలుస్తున్నయా చూడున్రి" అని ఒకడు, "పత్తి పూస్తడు, ఆగున్రి" అని ఇంకొకడు. ఎల్లవ్వ మాత్రం నవ్వేది కాదు. "కడుపుల ఎట్లున్నదే?" అని ప్రతి వారం అడిగేది.

"మంచిగనె ఉన్నది చెల్లె. రెండు నెలలాయె. ఇంక పాలు పొయ్యరాదు?"

"నీ కడుపు కాయిదమైతదా? నువ్వు తప్పు చేసినవు, తాగుతున్నవు. చాయ తాగేటోడు ఏం తప్పు చేసిండు?"

ఏడో తరగతి నాది. ఆమె బడి మొహం చూడలేదు. ఇంతకంటే సూటిగా ఈ విషయం మీద మాట్లాడినవాళ్లను నేను ఇప్పటికీ చదవలేదు.

ఉత్తరాలు

ఇక ఉత్తరాలు రాశాను. అప్పట్లో సిద్దిపేట ఒక జిల్లాలో, కోహెడ ఇంకో జిల్లాలో ఉండేవి. ఒక జిల్లా ఆఫీసు, చేను మా జిల్లాది కాదు అంది. రెండో జిల్లా ఆఫీసు, ఉత్తరం రాసినవాడు మా జిల్లావాడు కాదు అంది. బర్రె ఏ జిల్లాదో రెండూ అడగలేదు. కంపెనీ పెద్ద ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది వినయంగా, రెండోది మామూలుగా, మూడోది నా సహజ స్వభావంతో. మూడోదాని తర్వాత నా కొలువు పోయింది. మళ్లీ దుకాణానికే పోయి కూర్చున్నాను, మందు సీసాల మధ్య.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఎటు చూసినా ఆ జాతి పత్తే. అనుమతులొచ్చాయి, పేర్లొచ్చాయి, సంచుల మీద బొమ్మలొచ్చాయి. కొన్నేళ్లు పచ్చపురుగు బాధ నిజంగానే తగ్గింది. తర్వాత గులాబీ రంగు పురుగు వచ్చింది. అది ఈ పత్తిని తిని, బతికి, పిల్లల్ని పెడుతోంది. పురుగు కూడా నాలాగే ఎవరూ చెప్పకుండా చదువుకుంది. పత్తి నూనె మిక్చరు పొట్లాల్లోకి వచ్చింది, పత్తి చెక్క బర్రెల కుడితిలోకి వచ్చింది. వీటి గురించి గొంతు చించుకునే రెండు పక్షాల్లో దేనికైనా మీరు పోండి, నాకు అభ్యంతరం లేదు. రైతు చేనులో ఒక గింజ పెట్టే ముందు, దాని సంగతి మీకు తెలిసినంతా చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. ఆ ఇంట్లో ఆ పంటను ఎవరెవరు తింటారో అడగండి. పశువుల కొట్టంలోకి కూడా ఒకసారి తొంగి చూడండి.

కంపెనీ జవాబు వచ్చేసరికి ఎల్లవ్వ బర్రె వట్టిపోయింది. సంగతి తెలిసిన రోజు నుంచి ఆ ఈత పాలు ఒక్క చుక్క ఆమె అమ్మలేదు. పట్నం పెద్దమనిషి జోస్యం తప్పింది. బర్రె మరుసటేడు మళ్లీ ఈనింది, ఆ పాలు జహంగీర్ చాయలోకి పోయాయి. ఆ ఏడాది మాత్రం ఆ ఇల్లు ఎట్లా గడిచిందో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

జవాబు ఇంగ్లీషులో ఉంది. బస్సెక్కి పోయి, జహంగీర్ హోటల్లో, ఎల్లవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు చేసి చదివాను. ఒక్క వరుస తగ్గించలేదు. ఇక్కడా తగ్గించడం లేదు:

"మీ మూడు ఉత్తరములు అందినవి. మీరు పేర్కొన్న గ్రామమున మా సంస్థ ఎట్టి పత్తి ప్రయోగమునూ జరిపి ఉండలేదు. జరపని ప్రయోగపు గింజలను ఏ పశువైనను తినుట సాధ్యము కాదు గనుక, పాలను గూర్చిన మీ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసిన అవసరము లేదు. మా ప్రతినిధి వచ్చి పరిశీలించువరకు సదరు గేదెను ఎవరికీ అమ్మరాదనియు, దాని పాలు ఎవరికీ తాగించరాదనియు ఆ రైతుకు వెంటనే తెలియజేయగలరు."